పాత మిలిటరీ లారీకి ఏ బెల్టు కొనాలి?

ఇంజిన్ ఫ్యాన్ బెల్టు కోసం బెల్టుల దుకాణంలో అడుగు పెట్టగానే వినిపించే మొదటి ప్రశ్న ‘ఏ బండికన్నా?’ టాటా అనో, లేలాండ్ అనో చెబితే దుకాణదారు చెయ్యి తిన్నగా అరలోకి వెళ్తుంది. శక్తిమాన్ అనో, నిస్సాన్ వన్ టన్ అనో పాత సైనిక లారీ పేరు చెబితే అక్కడే ఆగిపోతుంది. ‘ఆ బండ్లకు ఇప్పుడు రావన్నా’ అన్న జవాబు విని నల్గొండ నుంచి హైదరాబాద్ దాకా తిరిగేవాళ్లు ఉన్నారు. చాలాసార్లు వాళ్ల బండికి సరిపోయే బెల్టు ఆ అరలోనే, వేరే పేరుతో వేరే అంకెతో ఉంటుంది. బెల్టుకు బండి పేరుతో పని లేదు. అది కూర్చునే పుల్లీ గాడి వెడల్పు ఎంత, చుట్టి రావలసిన పొడవు ఎంత, ఆ దారిలో అన్నిటికంటే చిన్న పుల్లీ ఎంత చిన్నది అన్నవే లెక్క. ఆ కొలతలు చేతిలో ఉంటే దుకాణంలో మన మాట తీరే మారిపోతుంది.

సైన్యం వేలంలో వచ్చిన పాత లారీని నీళ్ల ట్యాంకరుగానో, క్రేనుగానో, బోరు బండి వెంట పైపులు మోసే బండిగానో నడుపుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇష్టంతో సైన్యం పాత జీపు జొంగాను ఇంట్లో నిలబెట్టుకున్నవాళ్లకు కూడా పనికి వస్తుంది, అయితే వాళ్ల ఎంపిక ఒకచోట వేరుగా ఉంటుంది. ఆ సంగతి తరువాత చెబుతాను.

అన్నిటికంటే ముందు బానెట్ ఎత్తి, లోపల ఉన్నది ఏ ఇంజిన్ అన్నది చూడాలి. జర్మనీలోని మాన్ కంపెనీ నమూనాతో జబల్‌పూర్‌లో 1959లో తయారీ మొదలైన శక్తిమాన్ 1990ల మధ్య దాకా వచ్చింది. నిస్సాన్ లైసెన్సుతో వచ్చిన వన్ టన్ లారీ, జొంగా కూడా జబల్‌పూర్‌వే. జొంగాలో ఉండేది నాలుగు లీటర్లకు కాస్త తక్కువగా, 3,956 సీసీల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్. దాని దాహం భరించలేక చాలామంది యజమానులు వేరే డీజిల్ ఇంజిన్ దించుకున్నారు. అలాంటి బండికి నిస్సాన్ బెల్టు కోసం వెతకడం వృథా శ్రమ. బెల్టు ఇంజిన్‌ది, బాడీది కాదు. అశోక్ లేలాండ్ సైనిక లారీ స్టాలియన్ విషయంలో ఇంత చిక్కు ఉండదు. దాని ఇంజిన్ కుటుంబం లేలాండ్ మామూలు లారీల్లో కూడా తిరిగింది కనుక స్పేర్ పార్టుల దుకాణంలో ఇంజిన్ పేరు చెబితే చాలు. పాత యజమాని డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టించి ఉంటే, ఇంజిన్ అసలుదే అయినా పుల్లీ మారిపోయి ఉంటుంది. కాబట్టి పాత పార్టుల పుస్తకంలోని అంకెను గుడ్డిగా నమ్మి బెల్టు కొనకూడదు.

ఇంత చిన్న వస్తువుకు ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ ఇంజిన్లలో ఫ్యాన్, వాటర్ పంపు, చార్జింగ్ మూడూ ఆ రబ్బరు మీదే ఆధారపడి ఉంటాయి. బెల్టు తెగితే నీరు తిరగదు, గాలి తగలదు, నిమిషాల్లో ఇంజిన్ మరిగిపోతుంది. కొన్ని ఇంజిన్లలో బ్రేకుల ఎయిర్ కంప్రెసర్ కూడా బెల్టుతోనే తిరుగుతుంది. అక్కడ బెల్టు తెగడమంటే బ్రేకులకు గాలి తయారు కాకపోవడం. నిండు ట్యాంకుతో మన్ననూరు దాటి శ్రీశైలం ఘాటు ఎక్కుతుండగానో, దిగుతుండగానో ఇలా జరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు. మీ బండిలో కంప్రెసర్ దేనితో తిరుగుతోందో ఈ రోజే చూసి పెట్టుకోండి.

పుల్లీని కొలవడం

ఈ బండ్లలో ఉండేది వి బెల్టు, అంటే అడ్డంగా కోస్తే వి ఆకారంలో కనిపించేది. దాని పట్టు రెండు పక్కల్లో ఉంటుంది, అడుగున కాదు. బెల్టు గాడి పక్కలను ఒరుసుకుని బిగుసుకోవాలి, అడుగును తాకకూడదు. పై అంచు పుల్లీ అంచుకు సమంగానో, ఒక వెంట్రుక ఎత్తుగానో ఉండాలి. బెల్టు లోపలికి దిగిపోయి గాడి అడుగు అద్దంలా మెరుస్తోందంటే ఆ బెల్టు సన్నది అయినా అయి ఉండాలి, గాడి అరిగిపోయినా ఉండాలి. ఎంత బిగించినా అది జారుతూనే ఉంటుంది. బిగించిన కొద్దీ వాటర్ పంపు బేరింగ్ పోతుంది.

గాడి పై వెడల్పును వెర్నియర్‌తో కొలవండి. మన మార్కెట్లో దొరికే మామూలు రకాల్లో ఎ బెల్టు పై వెడల్పు 13 మిల్లీమీటర్లు, లోతు 8. బి అయితే 17, 11. సి అయితే 22, 14. వాహనాల కోసం ప్రత్యేకంగా చేసేవి 10, 13 మిల్లీమీటర్ల వెడల్పుల్లో ఎక్కువగా దొరుకుతాయి. వాటిలో 13 వెడల్పు బెల్టుకు లోతు సాధారణంగా ఎ బెల్టు కంటే ఎక్కువ. పాత గాడి లోతు తక్కువైతే ఆ బెల్టు అడుగును తాకుతుంది కాబట్టి గాడి లోతు కూడా రాసుకోవాలి. వెడల్పు కొలిచి ఊరుకునేవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే.

గాడి పక్కలు తిన్నగా ఉన్నాయో లేదో ఒక స్టీలు స్కేలు ఆనించి చూడండి. మధ్యలో పల్లం పడి, సుమారు 0.8 మిల్లీమీటరు సందు కనిపిస్తే ఆ పుల్లీ పని అయిపోయినట్టే. అలాంటి పుల్లీ మీద ఎంత మంచి బెల్టు వేసినా వారాల్లో అరిగిపోతుంది. లేత్ మీద గాడిని మళ్లీ తిప్పించవచ్చు, కాని కోణం గురించి మేస్త్రీకి ముందే చెప్పాలి. బెల్టు కోణం 40 డిగ్రీలు. అది చిన్న పుల్లీ మీద వంగినప్పుడు లోపలి వైపు ఉబ్బుతుంది కాబట్టి చిన్న పుల్లీల గాడిని అంతకంటే తక్కువగా, 34 నుంచి 38 డిగ్రీల మధ్య కోస్తారు. పాత గాడిలో అరగని భాగం నుంచి కోణం తీసుకోమనండి. తిప్పాక గాడి కాస్త వెడల్పు అవుతుంది, బెల్టు లోపలికి దిగుతుంది. కాబట్టి పుల్లీ పని ముగించాకే బెల్టు కొలత తీసుకోవాలి.

పొడవు దగ్గర జరిగే గందరగోళం మరొకటి. ఎ, బి బెల్టుల మీద ఉండే అంకె లోపలి పొడవు, అంగుళాల్లో. ఎ-45 అంటే లోపలి చుట్టుకొలత 45 అంగుళాలు, అంటే 1,143 మిల్లీమీటర్లు. వాహనాల బెల్టుల మీద ఎవిఎక్స్ 13 × 1200 లాంటి గుర్తు ఉంటుంది. అందులోని 1200 బయటి పొడవు. లోపలి పొడవుకు, బయటి పొడవుకు తేడా ఎ రకంలో దాదాపు 50 మిల్లీమీటర్లు, బి రకంలో 69. అంటే ఎ-45 బయటి పొడవు సుమారు 1,193. ఈ లెక్క తెలియక 1,150 బెల్టు తెచ్చుకుంటే అది పుల్లీల మీదికి ఎక్కదు.

బిగింపు పట్టీకి ఉన్న చీలికలో డైనమోను లోపలి కొసకు జరిపి, అక్కడి నుంచి నాలుగో వంతు బయటికి తెచ్చి నిలిపి, పుల్లీల చుట్టూ సాగని తీగ చుట్టి కొలవండి. బెల్టు పై అంచు నడిచే చోటనే తీగ నడవాలి. అలా తీసుకుంటే కొత్త బెల్టు బలవంతం లేకుండా ఎక్కుతుంది, సాగాక బిగించడానికి చోటు కూడా మిగులుతుంది. డైనమోను 25 మిల్లీమీటర్లు జరిపితే దాదాపు 50 మిల్లీమీటర్ల పొడవు తేడా సర్దుకుంటుంది కాబట్టి ఖచ్చితంగా ఆ అంకె దొరకకపోయినా కంగారు అక్కర లేదు. పాత బెల్టు మిగిలి ఉంటే దాని మీద సుద్దతో గీత పెట్టి, నేల మీద ఒక పూర్తి చుట్టు దొర్లించి కొలవండి. అయితే అది సాగిపోయిన బెల్టు, దాని అంకె సరిచూసుకోవడానికే.

ఏ రకం, ఎవరికి

మిలిటరీ మిగులు సరుకుగా వచ్చే పాత బెల్టుల మీద చాలామందికి మమకారం ఉంటుంది. సీలు విప్పని పొట్లం, దాని మీద సైన్యం అంకె, లోపల అసలు బెల్టు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కాని రబ్బరు వాడకపోయినా వయసు మీద పడుతుంది. ఇరవై ముప్పై ఏళ్లు గోదాములో ఉన్న బెల్టు పైకి నల్లగా, శుభ్రంగా కనిపిస్తూ లోపల గట్టిపడి ఉండవచ్చు. చేతిలోకి తీసుకుని మెల్లగా వెనక్కి వంచి చూడండి. సన్నని పగుళ్లు విచ్చుకుంటే వదిలేయండి. పొట్లం మీద తయారీ తేదీ లేకపోతే అసలు బేరమే వద్దు. జొంగాను దాని అసలు రూపంలో నిలబెట్టి ప్రదర్శనకు తీసుకెళ్లేవాళ్లకు ఈ బెల్టు అందం. రోజూ బరువు లాగే లారీకి మాత్రం దీన్ని కొలత నమూనాగా వాడుకుని, కొత్త బెల్టు వేయండి.

పని చేసే బండికి నా మొదటి ఎంపిక వాహనాల కోసం చేసిన కాగ్ బెల్టు, అంటే లోపలి వైపు గాట్లు ఉన్నది. ఆ గాట్ల వల్ల చిన్న పుల్లీ మీద తేలికగా వంగుతుంది, వేడి తక్కువగా పుడుతుంది. బెల్టు లోపలి వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని తయారీదారుల లెక్క. మే నెలలో మన నల్గొండ ఎండ, దానికి తోడు పాత ఇంజిన్ బానెట్ కింద పుట్టే వేడి కలిస్తే ఆ 10 డిగ్రీల విలువ ఎంతో ఊహించుకోవచ్చు. మదురైకి చెందిన ఫెన్నర్, నాగ్‌పూర్‌కు చెందిన పిక్స్, ఇంకా గేట్స్, మిత్సుబోషి లాంటి పేర్లు ఇక్కడ దుకాణాల్లో కనిపిస్తాయి. ఏ కంపెనీ అన్నదాని కంటే బెల్టు మీద ముద్ర స్పష్టంగా ఉందా, అంకె పూర్తిగా ఉందా, బిల్లు ఇస్తున్నారా అన్నది చూడండి.

రబ్బరు విషయం ఒకటి దుకాణంలో ఎవరూ చెప్పరు. కొత్త వాహనాల బెల్టుల్లో ఇప్పుడు ఎక్కువగా వాడేది ఇపిడిఎం రబ్బరు. వేడికి బాగా తట్టుకుంటుంది, త్వరగా పగలదు. కాని ఇంజిన్ ఆయిల్ పడితే ఉబ్బుతుంది. పాతకాలపు క్లోరోప్రీన్ బెల్టు వేడికి ముందుగా పగిలినా, నూనెను దానికంటే మెరుగ్గా ఓర్చుకుంటుంది. ముందు సీలు నుంచి ఆయిల్ కారే పాత ఇంజిన్ అయితే క్లోరోప్రీన్ అడిగి తీసుకోండి. అంతకంటే మంచి దారి సీలు మార్పించడమే, అది వేరే సంగతి. ఇపిడిఎం బెల్టుకు పగుళ్లు కనిపించడం లేదు కదా అని ధైర్యంగా ఉండకూడదు. అది పగలకుండానే పక్కలు అరిగి సన్నబడుతుంది. గాడిలో ఎంత లోతుకు దిగిందో చూసి నిర్ణయించుకోవాలి.

మన ప్రాంతంలో అన్నిటికంటే దగ్గరలో దొరికేది మిల్లుల బెల్టు. మిర్యాలగూడలో రైసు మిల్లులకు సరుకు ఇచ్చే దుకాణంలో ఎ, బి, సి బెల్టులు దాదాపు ప్రతి అంకెలో వేలాడుతుంటాయి. ధర తక్కువ, దొరకడం తేలిక. మరి లారీకి వేయవచ్చా? ఇక్కడే చిన్న పుల్లీ కొలత పనికి వస్తుంది. గుడ్డ చుట్టిన మామూలు ఎ బెల్టుకు పుల్లీ వ్యాసం కనీసం 75 మిల్లీమీటర్లు, బి బెల్టుకు 125 ఉండాలని లెక్క. లారీ డైనమో, ఆల్టర్నేటర్ పుల్లీలు చాలావరకు 70 నుంచి 90 మధ్యలో ఉంటాయి. అంటే ఎ బెల్టు ఆ కనీస కొలత దగ్గర్లోనే నడుస్తుంది, బి బెల్టు ఆ పుల్లీ మీద వంగి వంగి వేడెక్కి, పొరలు విడిపోయి, అడుగున అడ్డంగా పగులుతుంది. మిల్లులో పెద్ద పుల్లీల మీద ఏళ్ల తరబడి నడిచే బెల్టే లారీలో నెలల్లో పోవడానికి కారణం నాసిరకం కావడం కాదు, అది ఆ పనికి చేసింది కాకపోవడం. గాడి నిజంగా 17 మిల్లీమీటర్లదే అయితే మిల్లు బెల్టుల్లోనే గాట్లు ఉన్న బిఎక్స్ రకం అడగండి. అది చిన్న పుల్లీని మామూలు బి కంటే బాగా ఓర్చుకుంటుంది. బండి మీద విడిగా పెట్టుకున్న పెద్ద కంప్రెసరుకో, నీళ్ల పంపుకో మాత్రం మామూలు బి బెల్టే సరైనది. అక్కడ ఖరీదైన వాహన బెల్టు వేసి డబ్బు పోగొట్టుకోవద్దు.

ముక్కలు ముక్కలుగా కలుపుకునే లింక్ బెల్టు సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. పుల్లీలు విప్పకుండానే కావలసిన పొడవుకు కలిపి ఎక్కించవచ్చు. అచ్చంపేట అడవి దారిలో ఆగిపోయిన బండిని మెకానిక్ దాకా తీసుకురావడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. అంతవరకే. దాన్నే శాశ్వతంగా ఉంచి ఘాటు ఎక్కవద్దు.

లోపలి వైపు పొడవునా సన్నని గట్లు ఉండే పికె బెల్టుకు మారితే ఎలా ఉంటుందని కొందరు అడుగుతుంటారు. 6పికె అంటే ఆరు గట్లు, ఒక గట్టు నుంచి పక్క గట్టుకు దూరం 3.56 మిల్లీమీటర్లు. మంచి బెల్టే, కాని దానికోసం క్రాంకు, పంపు, ఆల్టర్నేటర్ పుల్లీలన్నీ కొత్తగా తిప్పించాలి, అన్నీ ఒకే వరసలో కూర్చోవాలి. కొత్త ఇంజిన్‌తో పాటు పుల్లీలు కూడా వచ్చిన బండికి తప్ప మిగిలినవాళ్లకు ఈ ఖర్చు నేను సిఫారసు చేయను.

రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికన్ జీపులు, లారీలు ఉన్నవాళ్లకు ఒక చిన్న మాట. అమెరికన్ సైనిక పత్రాల్లో 3030తో మొదలయ్యే 13 అంకెల సంఖ్య కనిపిస్తే అది డ్రైవ్ బెల్టుల వర్గానికి చెందినది. 11 అంకెలే ఉంటే 1974కు ముందరి పద్ధతి. ఆ సంఖ్యతో విదేశాల్లో వెతికితే వెడల్పు, పొడవు దొరుకుతాయి. ఆ కొలతలు రాసుకుని బెల్టు మాత్రం ఇక్కడే కొనుక్కోండి. ఓడలో వచ్చే పాత బెల్టు ఇక్కడి కొత్త బెల్టు కంటే మెరుగు కాదు.

ఎక్కడికి వెళ్లాలి

కొలతలు చేతిలో ఉంటే ముందు మీ ఊరి లారీ స్పేర్ పార్టుల దుకాణం చాలు. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో, జడ్చర్లలో వాహన బెల్టులు పెట్టేవాళ్లు ఉన్నారు. అక్కడ ఆ పొడవు లేకపోతే సికింద్రాబాద్‌లోని రాణీగంజ్. బెల్టులు, బేరింగులు అమ్మే దుకాణాలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒకరి దగ్గర లేనిది పక్కవాళ్ల దగ్గర అడగవచ్చు. లేత్ పని కూడా కలిసి ఉంటే హైదరాబాద్‌లో విజయవాడ రోడ్డు మీది ఆటోనగర్ నల్గొండవాళ్లకు దారిలోనే పడుతుంది. సికింద్రాబాద్‌లో సైన్యం వాహనాల మరమ్మతు విభాగమైన ఇఎంఇకి పెద్ద శిక్షణ కేంద్రం ఉంది. ఆ విభాగంలో పని చేసి రిటైరైనవాళ్లు సైనిక్‌పురి, తిరుమలగిరి వైపు స్థిరపడ్డారు. అలాంటి పెద్దమనిషి ఒకరు పరిచయమైతే ఆయన దగ్గర కూర్చుని వినండి. శక్తిమాన్ బెల్టు ఎంత బిగించాలో పుస్తకం లేకుండానే చెప్పగలిగినవాళ్లు వాళ్లు.

వేసేటప్పుడు

పక్కపక్కన రెండు బెల్టులు నడిచే ఇంజిన్ అయితే రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే బ్యాచ్‌వి కొనాలి. ఒకటి తెగిందని ఒకటే మార్చితే కొత్తది బిగుతుగా ఉండి బరువంతా మోస్తుంది, పాతది వదులుగా ఊగుతుంది, చివరికి రెండూ పోతాయి. పాతదాంట్లో పనికొచ్చేది మిగిలిందనే ఆశ వదులుకోవడమే లాభం.

ఎక్కించేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో పొడిచి, పుల్లీ మీదికి దొర్లించడం మన దగ్గర మామూలు దృశ్యం. దయచేసి అలా చేయనివ్వకండి. లోపలి దారాలు అక్కడే తెగుతాయి, బయటికి కనిపించవు. డైనమోను వదులు చేసి చేత్తో ఎక్కించాలి. పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయో లేదో స్కేలు ఆనించి చూడాలి. అన్నిటికంటే పొడవైన చోట మధ్యలో బొటనవేలితో నొక్కితే 10 నుంచి 15 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. కొత్త బెల్టు మొదటి రోజే కాస్త సర్దుకుంటుంది, కాబట్టి అరగంట నడిపాక ఒకసారి, మరునాడు ఉదయం చల్లగా ఉన్నప్పుడు మరోసారి బిగింపు చూడాలి. కూత వస్తోందని సబ్బు రాయడం, డీజిల్ పోయడం వద్దు. కూతకు కారణం వదులైనా అయి ఉంటుంది, వరస తప్పినా అయి ఉంటుంది.

స్పేరు బెల్టు ఒకటి, జత అయితే రెండూ, బండిలో ఎప్పుడూ ఉండాలి. బ్యాటరీ పెట్టె మీద, బానెట్ కింద, డ్యాష్‌బోర్డు మీద ఎండలో కాదు. సన్నని మేకుకు తగిలిస్తే అక్కడే మడత పడుతుంది, కాబట్టి వదులుగా చుట్టి, గుడ్డ సంచిలో సీటు కింద పెట్టండి. సంచి మీద వెడల్పు, బయటి పొడవు, కొన్న నెల, సంవత్సరం రాసి ఉంచండి. దానితో పాటు డైనమో బోల్టుకు సరిపోయే స్పానరు కూడా అందులోనే వేయండి.